పదకొండు గంటల బరువు

నేను ఒక కుర్చీని. అంతేనా అని పేజీ తిప్పకండి, నాకు మీతో పనుంది.

నాకు కళ్లు లేవు. ఏలూరు వడ్రంగి పూర్ణాచారి టేకు దుంగలోంచి నన్ను తీసి, నాలుగు కాళ్లు, రెండు చేతులు, ఒక వీపు ఇచ్చి, కూర్చునే చోట పేము అల్లించి, కళ్ల సంగతి మరిచిపోయాడు. కుర్చీకి కళ్లెందుకు అనుకుని ఉంటాడు. చెవులు మాత్రం ఎలా వచ్చాయో వచ్చాయి. ఇక బరువంటారా, ఆ విషయంలో నాతో ఎవరూ సరిరారు. మనిషి ఎంత బరువున్నాడో చెప్పడానికి కిరాణా కొట్టు కాటా చాలు. ఏ బరువుతో వచ్చాడో చెప్పాలంటే మాత్రం కుర్చీ కావాలి. సిఫారసు కోసం వచ్చినవాడు అంచుమీద కూర్చుంటాడు. అబద్ధం చెప్పబోయేవాడు ముందుగా వీపు ఆనిస్తాడు. ఏడుపు ఆపుకుంటున్న మనిషి చేతులు నా చేతులమీద ఆనవు, గాల్లోనే ఉంటాయి.

మొదట నన్ను తాలూకా ఆఫీసులో వేశారు. పదిహేనేళ్లలో తొమ్మిదిమంది అధికారులు మారారట. ఆ సంగతి బంట్రోతులు చెప్పుకోగా తెలిసిందే తప్ప నాకై నాకు తెలియలేదు. వచ్చిన కొత్తలో ఎవరి బరువు వారిదే. నెల తిరిగేసరికి అందరిదీ ఆఫీసు బరువే. ఒకే మనిషిని మోస్తున్నాననుకుని నేను కూడా నిద్రమత్తులో పడ్డాను.

తర్వాత విశాఖపట్నంలో భూషణం గారి ఫోటో స్టూడియోకి చేరాను. అక్కడ బతుకు హుషారుగా గడిచింది. జనం తలలు దువ్వుకుని, పౌడరు రాసుకుని వచ్చి నా మీద కూర్చునేవారు. భూషణం గారు నల్లగుడ్డ కప్పుకుని "ఊపిరి బిగబట్టండి" అనేవారు. మీకు తెలియని రహస్యం ఒకటి చెబుతాను. ఊపిరి బిగబట్టిన ఆ ఒక్క క్షణం మనిషి నా మీద ఉండడు. బరువు చటుక్కున పోతుంది. ఎక్కడికి పోతాడో నాకు తెలియదు, దీపం వెలిగి ఆరగానే తిరిగి వచ్చేస్తాడు. వేలమంది అలా పోయి వచ్చారు. అందరూ తిరిగి వచ్చారు కాబట్టి నేనెప్పుడూ భయపడలేదు.

అందరి జేబుల్లోకీ కెమెరాలు వచ్చాక స్టూడియో మూతపడింది. ఆ మేడను విజయరామరాజు గారు తీసుకుని, గోడలకు తెల్లరంగు వేయించి, చిత్రాల గ్యాలరీ చేశారు. మేడతోపాటు నేనూ ఆయనకు వచ్చాను. పాతసామాన్లవాడికి పోవలసినదాన్ని, కాపలా ఎర్రునాయుడు పుణ్యమా అని మిగిలాను. పూర్వం పోర్టులో మూటలు మోసి నడుము పోగొట్టుకున్న మనిషి అతను. పొద్దున తలుపులు తీసి నా మీద కూర్చుని "అమ్మయ్య" అనేవాడు. అంత నిజాయితీగల బరువు నాకు మళ్లీ తగల్లేదు.

గ్యాలరీ అంటే ఏమిటో నాకు మెల్లగా అర్థమైంది. అక్కడికి వచ్చేవాళ్లు గుడికి వచ్చినట్టు గుసగుసగా మాట్లాడతారు. ముందు బొమ్మ పక్కనున్న చీటీ చదువుతారు, ఆ తర్వాత బొమ్మవైపు తిరుగుతారు. చీటీలో దుఃఖం అని ఉంటే "ఎంత దుఃఖం" అంటారు. ఓసారి ఎర్రునాయుడు టీ తాగడానికి వెళ్లినప్పుడు ఇద్దరు పెద్దమనుషులు నా ముందు నిలబడి, చీటీ కనపడక, నేను బొమ్మనో కుర్చీనో తేల్చుకోలేక, కూర్చోవడానికి భయపడి వెళ్లిపోయారు. నవ్వడానికి నాకు నోరు లేకపోయింది.

అలాంటి చోటికి చంద్రలీల వచ్చింది. ముప్పై దాటని ఆడపిల్ల. బరోడాలో చిత్రకళ చదివి, కుంచె పారేసి, తన ఒంటితోనూ ఎదుటివాళ్ల ఒంటితోనూ కళ చేస్తానని తిరుగుతోందట. రాజు గారి ఎదురుగా నన్ను లాక్కుని కూర్చుంది. గోడే శత్రువు అంది. మేకు కొట్టి తగిలించిన మరుక్షణం ఏ బొమ్మైనా చచ్చిపోతుందనీ, గ్యాలరీలు శవాలకు కాపలా కాస్తున్నాయనీ అంది. తను ఏడు రోజులు ప్రదర్శన పెడుతుంది, గోడలమీద ఏమీ ఉండదు, చీటీలు ఉండవు, ఆహ్వానాలు ఉండవు, హాలు మధ్యలో ఈ కుర్చీ మాత్రం ఉంటుంది, కళ ఎక్కడ జరుగుతోందో ఎవరికీ చెప్పదు. గ్యాలరీని గ్యాలరీలోనే నిలబెట్టి ప్రశ్నిస్తుందన్నమాట. తనని తిడుతున్నారని రాజు గారికి తెలిసిందో లేదో గానీ, పత్రికలవాళ్లు వస్తారా అని మాత్రం అడిగారు. వస్తారంది. ఆయన సరేనన్నారు.

ప్రదర్శన ముందురోజు గ్యాలరీకి సెలవు. ఆవేళ లీల ఒక ముసలాయన్ని వెంటబెట్టుకుని వచ్చింది. పేరు సోమలింగం. పగటివేషగాడు. గుడివాడ వైపు ఏదో బస్సులో ఈయన టికెట్లు తనిఖీచేసే అధికారిగా ఎక్కి, లీల చేత క్షమాపణ చెప్పించుకుని, దిగేటప్పుడు నవ్వి దండం పెట్టాడట. వేదిక లేదు, తెర లేదు, టికెట్టు లేదు, పట్టపగలు నడిబజారులో మనిషే మరో మనిషైపోవడం. తను ఇన్నేళ్లు చదువుకుని వెతుకుతున్నది ఇదేనని లీలకు అనిపించింది. ఆయన నా మీద కూర్చున్నాడు. ఎండిన, తేలికైన ఒళ్లు. ఎక్కడా నన్ను నొక్కిపెట్టలేదు. లేచేముందు వినపడీ వినపడకుండా "శివా" అనుకున్నాడు.

ఇద్దరి మధ్య ఒప్పందం కుదిరింది. ఆరు రోజులు ఆరు వేషాల్లో ఆయన ఈ ఖాళీ హాల్లో జనంలో కలిసి తిరుగుతాడు. రాజు గారికి కూడా తెలియకూడదు. ఏడోరోజు బయటపడతాడు. అయితే ఆయన ఒక్క షరతు పెట్టాడు.

"వేషం కట్టడం మా చేతిలో పనమ్మా. దించడం మాత్రం చూసినవాళ్ల చేతిలో ఉంటుంది. ఆఖరిరోజు మొహం కడుక్కుని ఉత్త మొహంతో వస్తాం. ఊళ్లో ఒకరు ఇంటిపేరుతో సహా పిలిచి, ఇన్నాళ్లూ నువ్వేనా అనడగాలి. నేనే అంటాం. అప్పుడు దిగుతుంది వేషం. అందాకా మేం మా ఇంటి గడప తొక్కకూడదు."

"ఎవరూ పిలవకపోతే?" అని లీల అడిగింది.

"పిలవని ఊరు ఇంతవరకు లేదమ్మా."

తానే పిలుస్తానని లీల మాటిచ్చింది. ఇంటిపేరు ఏమిటని అడిగితే ఆయన చెప్పలేదు. వేషం మీద ఉండగా ఇంటిపేరు పైకి పలకకూడదట. ఆఖరిరోజు పొద్దున, పిలిచేవాళ్ల చెవిలో చెబుతారట. ఊరేదని అడిగితే, వేషం కట్టిన ఊరే తమ ఊరని నవ్వాడు. ఇంటి దగ్గర ముసలిది ఎదురుచూస్తూ ఉంటుంది, ఎనిమిదోరోజుకి వస్తానని చెప్పానని మాత్రం అన్నాడు.

మొదటిరోజు రిటైరైన బడిపంతులుగా వచ్చాడు. వెల్ల సరిగ్గా వేయలేదని గోడలకు వంకలు పెట్టి, నా మీద కూలబడి చెమట తుడుచుకున్నాడు. బరువు నిండుగా, ముప్పై ఏళ్లు కుర్చీలో కూర్చుని పాఠం చెప్పినవాడి బరువు. ఎవరో పంతులే అనుకున్నాను. లేచేముందు "శివా" అన్న మాట వినపడింది. నా పేము జలదరించింది. ఒళ్లంతా గుడ్డలు చుట్టుకుంటే బరువు పెరుగుతుంది, ఒప్పుకుంటాను. కానీ నేను చెప్పేది ఆ బరువు కాదు. మనిషి లోపలి బరువు మారింది.

రెండోరోజు కరెంటు మీటరు చూసేవాడు. మూడోరోజు ఒక విధవరాలు. ఆమె ఖాళీ గోడ ముందు నిలబడి వెక్కి వెక్కి ఏడిస్తే, అక్కడున్న ఆడవాళ్లు కూడా ఎందుకో తెలియకుండానే ఏడ్చారు. నా మీద కూర్చున్నప్పుడు ఆ చేతులు నా చేతులమీద ఆనలేదు. నాలుగోరోజు అగ్నిమాపక శాఖ అధికారి వచ్చి రాజు గారికి ముచ్చెమటలు పట్టించాడు. అయిదోరోజు ఢిల్లీ నుంచి వచ్చిన కళావిమర్శకుడు. రాజు గారు కాఫీ తెప్పించారు. తూర్పు గోడమీద చెమ్మ మరక ఒకటుంది. అందులో ఈ శతాబ్దపు ఒంటరితనం కనిపిస్తోందని విమర్శకుడు అన్న మాట మర్నాడు పత్రికలో వచ్చింది. ఆ మరక ముందు నిలబడి జనం ఫోటోలు తీసుకున్నారు.

ఆరోరోజు రాజు గారు పెందలాడే వచ్చారు. నా మీద కూర్చుని ఎర్రునాయుణ్ణి కిటికీలు తుడవలేదేమని కేకలేశారు. అదే భారీ ఒళ్లు, అదే కుడిపక్కకు ఒరగడం. ఆయన వెళ్లిన కాసేపటికి మళ్లీ రాజు గారు వచ్చారు. "ఇప్పుడే కదా బాబూ ఎల్నారు?" అన్నాడు ఎర్రునాయుడు. రాజు గారు విసుక్కుని నా మీద కూర్చున్నారు. రెండుసార్లూ బరువులో పిసరంత తేడా లేదు. మొదటిసారి లేచేముందు "శివా" వినపడింది, రెండోసారి వినపడలేదు. అదీ లేకపోతే ఇద్దరిలో అసలు రాజు గారెవరో నేను ప్రమాణం చేసి చెప్పలేకపోయేదాన్ని. ఆ రోజు నాకు నిజంగా భయం వేసింది.

ఆరోరోజు సాయంత్రమే లీల పత్రికలవాళ్లకు సంగతి చెప్పేసింది. ఇన్నాళ్లూ మీ మధ్యే ఒక మనిషి వేషాల్లో తిరిగాడు, రేపు బయటపడతాడు అంది. ఏడోరోజు పదిగంటలకే హాలు కిక్కిరిసింది. తెలివైన జనం కదా, ఒకరినొకరు అనుమానంగా చూసుకుంటూ, నువ్వేనా అంటే నువ్వేనా అని నవ్వుకుంటున్నారు. సోమలింగం మెట్లు ఎక్కి వచ్చి, పత్రికలవాళ్ల మధ్యనున్న లీల దగ్గరికి వెళ్లాడు. చెవిలో ఒక్కమాట చెప్పాలమ్మా అన్నాడు. ఒక్క నిమిషం తాతగారూ అంది లీల. ఆ నిమిషం రాలేదు.

పదకొండు గంటలకు ఆయన వచ్చి నా మీద కూర్చున్నాడు. నేను ఉలిక్కిపడ్డాను. బరువు లేదు. భుజంమీద కండువా తీసి నా మీద వేస్తే ఎంతుంటుందో అంతే ఉంది. ఆరు రోజులు ఆరుగురిని మోసిన మనిషిలో తన వంతుకు మిగిలింది అంతే కాబోలు.

తర్వాత లేచి చేతులు జోడించాడని జనం మాటల వల్ల తెలిసింది. గడ్డం గీసుకుని, ఉతికిన పంచె కట్టుకుని, విభూది పెట్టుకుని ఉన్నాడట. ఈ ఆరురోజులూ తమ ముందు తిరిగింది నేనేనండి అన్నాడు. ఎవరో చప్పట్లు కొట్టారు. అందరూ కొట్టారు. అన్నిటికంటే ఇదే గొప్పగా ఉంది అన్నారు. ఆ ముడతలు చూడండి, ఆ పన్ను ఊడినచోటు చూడండి, పల్లెటూరి ముసలివాణ్ణి అచ్చు దింపేశాడు అన్నారు. రాజు గారు దగ్గరికెళ్లి, తొడుగు అంచు ఎక్కడుందోనని ఆయన చెంప గిల్లి చూశారట. ఇక ఇది కూడా తీసేసి అసలు మనిషిని చూపించమని వెనకనుంచి ఎవరో అరిచారు.

"అమ్మా, ఇక నా దగ్గర వేషం లేదు," అన్నాడాయన లీలవైపు తిరిగి. "పేరు చెవిలో చెబుతాను, పిలవండమ్మా."

లీల నాకు జానెడు దూరంలో నిలబడి ఉంది. నా వీపుమీద చెయ్యి వేసింది. ఆ చెయ్యి నన్ను గట్టిగా పట్టుకుంది. భయంతో కాదు, సంతోషంతో. ఆరు రోజులు పలచగా ఉన్న హాలు ఇప్పుడు ఊపిరాడనంతగా నిండింది. అసలు మొహాన్నే వేషమనుకుంటున్నారు. ఇంతకంటే గొప్ప ముగింపు ఏ కళాకారిణికి దొరుకుతుంది? తను నోరు తెరిస్తే అది అయిపోతుంది. ఆమె వంగి ఆయనతో మెల్లగా అంది, "ఇంకొక్క రోజు, తాతగారూ. రేపు తప్పకుండా పిలుస్తాను."

ఆమె మీద నాకు ఇప్పటికీ కోపం పోలేదు. గోడకు మేకు కొట్టి తగిలిస్తే చచ్చిపోతుందని నా మీద కూర్చునే కదా చెప్పింది.

సోమలింగం వెనక్కి వచ్చి నా మీద కూర్చున్నాడు. జనం చుట్టూ చేరి చూశారు, ఫోటోలు తీసుకున్నారు, అలిసిపోయి వెళ్లారు. సాయంత్రం తలుపులు వేయడానికి ఎర్రునాయుడు వచ్చేసరికి కుర్చీలో ఎవరూ లేరట. ముసిలాయన ఎల్పోనాడు కాబోలు అనుకుని తాళం వేశాడు. కానీ నేను చెబుతున్నాను వినండి. నామీంచి ఎవరూ లేవలేదు. "శివా" అన్న మాట నాకు వినపడలేదు.

మర్నాడు ఆయన రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. మూడోనాడు ఎర్రునాయుడు పదకొండు గంటలప్పుడు నా మీద కూర్చోబోయి, నడుం వంచినవాడు వంచినట్టే ఆగిపోయి, మెల్లగా నిటారుగా లేచాడు. "ఈ కుర్సీల ఎవులో కూకునున్నారు బాబూ. నాను కూకోను," అని రాజు గారితో చెప్పాడు. రాజు గారు నవ్వారు. ఎర్రునాయుడు మాత్రం ఆ రోజునుంచి, పోయిన నడుముతోనే, రోజంతా నిలబడి కాపలా కాస్తున్నాడు.

అతను చెప్పింది నిజమే. రోజూ పదకొండు కాగానే కండువా అంత బరువు వచ్చి నా మీద ఆగుతుంది. గంటసేపు ఉంటుంది. అదురుతుంది, వేచి చూస్తుంది. తర్వాత పలచబడిపోతుంది గానీ లేవదు. ఎండ కిటికీలోంచి పడి నా పేము వెచ్చగా ఉన్నా, ఆ బరువున్నంత మేర చల్లగా ఉంటుంది.

లీల మనిషి పాడైపోయింది. గుడివాడ వైపు ఊరూరా తిరిగింది. పగటివేషగాళ్లు దొరికారు, సోమలింగాలు కూడా నలుగురైదుగురు దొరికారు. ఏ ఇంటివాడమ్మా అని వాళ్లు అడిగితే చెప్పడానికి ఆమె దగ్గర మాట లేదు. ఎక్కడో ఒక ముసలామె ఎనిమిదోరోజు దాటి ఎన్నిరోజులైందో లెక్కపెట్టుకుంటూ గుమ్మంలో కూర్చుని ఉంటుంది. ఆ గుమ్మం లీలకు దొరకలేదు. తిరిగొచ్చి నా ముందు మోకాళ్లమీద కూర్చుని "సోమలింగం గారూ, ఇన్నాళ్లూ మీరేనా?" అని పిలిచింది. బరువు ఉలిక్కిపడింది. సగం లేచింది. సగం పేరే కదా, మళ్లీ కూలబడింది. ఇంటిపేరు చెప్పండి తాతగారూ అని ఆమె బతిమాలింది. ఆయన చెప్పాడు. ఆమెకు వినపడలేదు. చుట్టూ ఉన్న జనం, ఇది ప్రదర్శనలో రెండో భాగం కాబోలనుకుని, ఫోన్లు ఎత్తి పట్టుకున్నారు. ఆమె ఏడుపు ఆగేదాకా వీడియో తీసి, చప్పట్లు కొట్టి వెళ్లారు.

రాజు గారు తెలివైనవారు. నా చుట్టూ ఎర్రతాడు కట్టించి, గోడకు చీటీ అంటించారు. 'ఖాళీ కుర్చీ. కళాకారిణి చంద్రలీల. దయచేసి కూర్చోవద్దు.' గ్యాలరీలను తిట్టడానికి వచ్చిన కళకు ఆ గ్యాలరీలోనే అన్నిటికంటే మంచి చోటు దొరికింది. నన్ను చూడటానికి ఎక్కడెక్కడినుంచో వస్తున్నారు. చీటీ చదివి "ఎంత ఖాళీ" అంటున్నారు. వాళ్లు ఆ మాట అంటున్నప్పుడు ఆయన వాళ్ల ఎదురుగానే కూర్చుని, ఒక్కొక్కరివైపూ ఆశగా వంగుతున్నాడు. ఆ వంగడం నాకు తెలుస్తోంది. లీల ఇప్పుడు ఇక్కడికి రావడం లేదు. ఇంకా ఊళ్లు తిరుగుతూనే ఉందని ఎర్రునాయుడు అంటాడు.

ఆయన రోజూ కూర్చోగానే తన పేరు తనే గొణుక్కుంటాడు, మరిచిపోతానన్న భయం కాబోలు. మొదట్లో స్పష్టంగా చెప్పేవాడు. ఈ మధ్య ఇంటిపేరులో చివరి అక్షరాలు జారిపోతున్నాయి. నిన్న పదకొండు గంటలకు వచ్చి, మొదటి అక్షరం దగ్గరే ఆగి, చాలాసేపు వెతుక్కున్నాడు. బరువు కూడా తగ్గింది. ఇప్పుడు కండువా అంత కూడా లేదు, అందులోంచి ఊడిన నూలుపోగంత ఉంది. ఇక ఎన్నాళ్లో నాకు తెలియదు.

మీతో పనుందన్నది ఇందుకే. నాకు నోరు లేదు, మీకుంది. విశాఖపట్నం వచ్చినప్పుడు పదకొండు గంటలకు ఈ మేడ ఎక్కండి. చీటీ చదవకండి. తాడు బయటే నిలబడండి, ఎర్రునాయుడు ఏమీ అనడు. జనం నవ్వినా సరే, చప్పట్లు కొట్టినా సరే, నావైపు చూసి, పెద్దగా అక్కర్లేదు, పక్కింటివాళ్లను పలకరించినట్టు ఒక్కసారి అడగండి.

"మారేడుపూడి సోమలింగం గారూ, ఇన్నాళ్లూ మీరేనా?"